మేలు మరవని మనసు

పొద్దున్నే మాదన్నపేట మండికి వెళ్తే ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కీర, దోస, ఆకుకూరలు కుప్పలుగా కనిపిస్తాయి. బైబిల్లో అందరికీ తెలిసిన సణుగుడు కూడా సరిగ్గా ఈ సరుకు గురించే. సంఖ్యాకాండం పదకొండో అధ్యాయంలో, అరణ్యం దాటుతున్న ఇశ్రాయేలీయులు ఐగుప్తులో తిన్నవాటిని ఒక్కొక్కటిగా తలుచుకుని ఏడుస్తారు. చేపలైతే అక్కడ ఊరికే దొరికేవట. వీపు మీద పడ్డ దెబ్బలు, రోజూ అప్పజెప్పాల్సిన ఇటుకల లెక్క, నదిలో పారేసిన మగబిడ్డలు ఆ ఏకరువులో లేవు. నాలుకకు రుచి గుర్తుంది, మెడకు కాడి గుర్తు లేదు. ప్రతి ఉదయం నేల మీద రాలుతున్న మన్నా మాత్రం కళ్ళకు విసుగైపోయింది.

ఇదే జనం అంతకుముందూ సణిగారు. మారాలో నీళ్ళు చేదుగా ఉన్నప్పుడు, తర్వాత తిండి లేనప్పుడు, రెఫీదీములో గొంతు ఎండినప్పుడు మోషే మీద విరుచుకుపడ్డారు. నిర్గమకాండంలోని ఆ మూడు సందర్భాల్లోనూ దేవుడు వాళ్ళను దండించలేదు. నీటిని తీపి చేశాడు, మన్నా కురిపించాడు, బండలోంచి నీరు తెప్పించాడు. ఆయన కోపం రగిలింది మన్నా దొరుకుతున్న రోజుల్లో. లేమిలో వచ్చిన ఏడుపు వేరు, చేతిలో ఉన్నదాన్ని ఈసడించడం వేరు. గ్రంథం ఇంత స్పష్టంగా చూపిన ఈ తేడా మన ప్రసంగాల్లో తరచూ చెరిగిపోతోంది. బాధ చెప్పుకున్న మనిషిని సణుగుతున్నావని గద్దిస్తాం. కడుపు నిండి అన్నీ మరిచినవారిని ముందు వరుసలో కూర్చోబెడతాం. క్రైస్తవ జీవితంలో కృతజ్ఞతను ఎలా పెంచుకోవాలి, కృతఘ్నతకు ఎలా దూరంగా ఉండాలి అనే ప్రశ్నను ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కృతజ్ఞతకు మొదటి ఆధారం జ్ఞాపకం, రెండోది పంచుకోవడం. సంతోషంగా అనిపించడమనేది వాటి వెనకాల వస్తుంది, ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది.

ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయాన్ని కొత్త ఇంట్లోకి వెళ్ళే రోజున చదవాలి. తిని తృప్తి పొంది, మంచి ఇళ్ళు కట్టుకుని, మందలూ వెండి బంగారాలూ పెరిగాక దేవుణ్ణి మరిచిపోయే ప్రమాదం ఉందని మోషే అక్కడ హెచ్చరిస్తాడు. ఇదంతా నా బాహుబలంతో సంపాదించానని మనసు తనలో తాను అనుకుంటుందట. మరుపుకు గ్రంథం చూపే కారణం కష్టం కాదు, నిండుదనం. ఆదికాండంలో చెరసాల నుంచి బయటపడ్డ పానదాయకుల అధిపతి యోసేపును మరిచిపోయాడు. ఆ మరుపు ఖరీదు యోసేపుకు మరో రెండేళ్ళ జైలు. అంతకన్నా ఘోరం యోవాషు రాజు కథ. పసివాడిగా ఉన్నప్పుడు అతన్ని యాజకుడైన యెహోయాదా భార్య చావు నుంచి తప్పించింది. ఆరేళ్ళు మందిరంలో దాచి పెంచారు. ఏడో ఏట యెహోయాదా అతన్ని సింహాసనం ఎక్కించాడు. యెహోయాదా చనిపోయాక, గద్దించడానికి వచ్చిన అతని కొడుకు జెకర్యాను అదే రాజు మందిరపు ఆవరణంలో రాళ్ళతో కొట్టించి చంపించాడు. తనకు జరిగిన ఉపకారాన్ని రాజు జ్ఞాపకం చేసుకోలేదని దినవృత్తాంతాల గ్రంథకర్త రాశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమని మనవాళ్ళు అనేది ఇలాంటి పనినే.

రోమా పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు మనిషి పతనానికి మెట్లు చూపిస్తాడు. విగ్రహాలు, కామం, హింస అన్నీ ఆ తర్వాతి మెట్లు. వాటికి ముందు ఉన్నది, దేవుణ్ణి ఎరిగి ఉండీ ఆయనకు కృతజ్ఞతలు చెప్పకపోవడం. తిమోతికి రాసిన రెండో పత్రికలో అంత్యదినాల మనుషుల లక్షణాలు చెబుతూ ధనాపేక్ష, గర్వం, తల్లిదండ్రులకు అవిధేయత వంటి వాటి మధ్యనే కృతఘ్నతనూ చేర్చాడు. మనం దాన్ని మర్యాద లోపంగా చూస్తాం. పౌలు దాన్ని మిగతా పాపాలు మొలిచే నేలగా చూశాడు.

లూకా సువార్త పదిహేడో అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల కథ మీద తెలుగు సంఘాల్లో లెక్కలేనన్ని ప్రసంగాలు వచ్చాయి. వాటిలో చాలావరకు తిరిగి రాని తొమ్మిదిమందిని తిట్టడం దగ్గర ఆగిపోతాయి. నిజానికి ఆ తొమ్మిదిమంది చెప్పిన మాట జవదాటలేదు. యాజకులకు కనపరచుకోండని యేసు అన్నాడు, వాళ్ళు వెళ్ళారు. మతం అడిగిన విధి నెరవేర్చారు. లోపించింది విధేయత కాదు, తమను బాగుచేసిన మనిషి దగ్గరికి తిరిగి వెళ్ళాలన్న తపన. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ తొమ్మిదిమందికీ ఇచ్చిన స్వస్థతను యేసు వెనక్కి తీసుకోలేదు. కృతజ్ఞత చెప్పకపోతే దీవెన పోతుందని భయపెట్టే బోధకు ఈ కథలో చోటు లేదు. తిరిగి వచ్చినవాడు సమరయుడు, ఆ ఊళ్ళో ఎవరూ లెక్కచేయని పరాయివాడు. యేసు ప్రత్యేకించి ఎత్తిచూపింది ఆ విషయాన్నే. కృతజ్ఞత విషయంలో లోపలివారి కన్నా బయటివారు ముందుంటారన్నది సంఘం తరచూ నేర్చుకోవాల్సిన పాఠం. దానికి తెలుగు నేల మీది ఉదాహరణ ఒకటి తర్వాత చెబుతాను.

సంఘ చరిత్రలో ఈ ప్రశ్నను లోతుగా పట్టించుకున్నవారు చాలామందే ఉన్నారు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ కృతఘ్నతకు మెట్లు చూపించాడు. మేలుకు బదులు మేలు చేయకపోవడం ఒక మెట్టు. మేలు పొందినట్టు బయటికి తెలియనివ్వకపోవడం ఇంకో మెట్టు. మేలు జరిగిందన్న సంగతే మనసులో లేకుండా పోవడం అన్నిటికన్నా అడుగు మెట్టు. లొయోలా ఇగ్నేషియస్ 1542లో రాసిన ఒక ఉత్తరంలో, పాపాలన్నిటికీ కృతఘ్నతే మొదలని అభిప్రాయపడ్డాడు. ఆయన నేర్పిన రాత్రివేళ ఆత్మపరీక్షలో తప్పులు వెతుక్కోవడం కన్నా ముందు ఆ రోజు పొందిన మేళ్ళకు స్తోత్రం చెప్పాలి. ప్రొటెస్టెంట్లలో 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళిది గట్టి ఆలోచన. మనిషి దుస్థితి, విమోచన, కృతజ్ఞత అని అది మూడు భాగాలు. పది ఆజ్ఞల వివరణనూ, ప్రభువు నేర్పిన ప్రార్థననూ మూడో భాగంలో ఉంచారు. అంటే క్రైస్తవుడు దొంగతనం మానేది, అబద్ధం మానేది, ప్రార్థన చేసేది రక్షణ సంపాదించుకోవడానికి కాదు, రక్షణ దొరికినందుకు. మన సండేస్కూలు పిల్లలకు పది ఆజ్ఞలను భయంతో కలిపి నేర్పుతున్నాం. స్తోత్రంతో కలిపి నేర్పితే వాళ్ళు వాటిని మరోలా మోస్తారని నా నమ్మకం.

క్రైస్తవ సహజీవనం గురించి డీట్రిచ్ బాన్‌హోఫర్ రాయగా 1939లో అచ్చయిన చిన్న పుస్తకంలో చెప్పింది నేటి నగర సంఘాలకు నేరుగా తగులుతుంది. తోటి విశ్వాసులు, రోజువారీ సహవాసం, చిన్న చిన్న ఆదరణలు మనకు ఇప్పటికే అందాయి. వాటికి స్తోత్రం చెప్పకుండా, పెద్ద అనుభవాల కోసం, పెద్ద సంఘం కోసం ఎదురుచూస్తూ ఉంటే ఆ పెద్దవి కూడా రావని ఆయన అభిప్రాయం. ఆదివారం పది కిలోమీటర్లు దాటి పెద్ద మందిరానికి వెళ్ళి, గల్లీ చివర ప్లాస్టిక్ కుర్చీల ప్రార్థన మందిరాన్ని చిన్నచూపు చూసే మనకు ఈ మాట అవసరం.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వద్దాం. దేవుని ముందు బాధ వెళ్ళగక్కడం కృతఘ్నతేనా?

మాదన్నపేట అన్న పేరే ఈ ప్రశ్నను మన ముందుకు తెస్తుంది. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో ప్రధానిగా వెలిగిన మాదన్న, ఆ ప్రభుత్వాన్ని నడిపించి, చివరికి 1686లో గోల్కొండలోనే సోదరుడు అక్కన్నతో పాటు కుట్రదారుల చేతిలో హతమయ్యాడు. ఆయన మేనల్లుడు కంచర్ల గోపన్న, మనందరి రామదాసు. భద్రాద్రి గుడి కోసం ఖజానా సొమ్ము ఖర్చుపెట్టి గోల్కొండ చెరలో పడ్డాక ఆయన తన దేవుణ్ణి నిలదీశాడు, లెక్కలు అడిగాడు, దెప్పిపొడిచాడు. తెలుగు భక్తి సంప్రదాయం ఆ నిష్ఠూరాన్ని అవిశ్వాసంగా ఎంచలేదు. దగ్గరివాణ్ణే దెప్పుతారని దానికి తెలుసు. బైబిలు కీర్తనల గ్రంథం కూడా ఇదే తీరు. అందులో స్తుతుల కన్నా మొరలు ఎక్కువ. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే ఎక్కడా వెలుగులోకి రాకుండా చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని తీసేయకుండా ఆరాధన పుస్తకంలోనే ఉంచారు. రామదాసు పాటలు వింటూ పెరిగిన తెలుగువారికి ఈ కీర్తనలు పరాయిగా అనిపించకూడదు. అయినా మన ఆరాధనల్లో స్తుతి పాటలకు దొరికే సమయంలో పదో వంతు కూడా మొర కీర్తనలకు దొరకదు.

కరోనా కాలంలో ఈ లోటు బాగా తెలిసింది. 2020 మే నెలలో మాదన్నపేటలో ఒకే అపార్ట్‌మెంట్‌లో పెద్ద సంఖ్యలో కేసులు బయటపడి పేట పేరు వార్తల్లోకి ఎక్కింది. ఆ తర్వాతి ఏడాది రెండో అల నగరమంతటా ఎన్నో ఇళ్ళను ఖాళీ చేసింది. మందిరాలు మళ్ళీ తెరిచాక సాక్ష్యాలు మొదలయ్యాయి. ఆక్సిజన్ పడిపోయినా దేవుడు నన్ను బతికించాడని ఒకరు లేచి చెబుతుంటే, అదే వరుసలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ తల వంచుకుని కూర్చునేది. బతికినవారి స్తోత్రం నిజమైనదే. దాన్ని ఆపమనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ స్తోత్రం పక్కనున్న మనిషిని చూడాలి. నా ప్రార్థన విన్నాడని చెప్పే ప్రతి మాటలో, నీ ప్రార్థన వినలేదన్న అర్థం ఆమె చెవిన పడుతుంది. ఆనందించేవారితో ఆనందించమన్న పౌలు అదే వాక్యంలో ఏడ్చేవారితో ఏడవమన్నాడు. సాక్ష్యం తర్వాత మొర కీర్తన ఒకటి చదివి, పోయినవారి పేర్లు బిగ్గరగా పలికిన సంఘాల్లో ఆ ఏడాది కృతజ్ఞత నిజాయితీగా ఉంది. పలకని చోట అది బతికినవారి పండుగగానే మిగిలింది.

అన్నిటిలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని థెస్సలొనీకయులకు పౌలు రాశాడు. ఇందులోంచి రెండు బోధలు పుట్టాయి. పరిస్థితి ఎలా ఉన్నా దేవుని వైపు తిరిగే మనసు మానుకోవద్దని ఒకటి. జరిగిన ప్రతిదానికీ, చెడుకు కూడా, స్తోత్రం చెప్పాలని మరొకటి. రెండోదానికి 1970లో వచ్చిన మెర్లిన్ కరోథర్స్ పుస్తకంతో ప్రపంచమంతటా ప్రచారం దొరికింది. ఈ బోధవారు తరచూ ఎత్తే ఉదాహరణ కోరీ టెన్ బూమ్‌ది. 1944లో రావెన్స్‌బ్రూక్ నాజీ శిబిరంలో తన అక్క బెట్సీ గోమారుల కోసం కూడా స్తోత్రం చెప్పిందనీ, ఆ పురుగుల భయంతోనే కాపలావాళ్ళు వాళ్ళ గదిలోకి వచ్చేవారు కాదనీ, అందువల్లే అక్కడ బైబిలు చదువుకోగలిగామనీ ఆమె రాసింది. ఆ కథ నన్ను కదిలిస్తుంది. అయితే అది బెట్సీ తన బాధ గురించి తానే చెప్పిన స్తోత్రం. అదే శిబిరంలో ఆమె చనిపోయింది. ఆ మాటను తీసుకెళ్ళి తాగివచ్చి కొట్టే భర్తతో బతుకుతున్న చెల్లెలికి, దీనికీ స్తోత్రం చెప్పమ్మా అని చెప్పడం దేవుని పేరు మీద చేసే అన్యాయం. తన గాయానికి తానే స్తోత్రం చెప్పగలిగిన మనిషికి నమస్కరించాలి. ఎదుటివారి గాయానికి వారి చేత స్తోత్రం చెప్పించకూడదు. లాజరు సమాధి దగ్గర యేసు ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు, ఆ తర్వాతే తండ్రికి కృతజ్ఞత చెప్పాడు.

మన సంఘాల్లో కృతజ్ఞత బయటికి కనిపించే రూపం కృతజ్ఞతా కూడిక. పాతబస్తీ ఇరుకు గల్లీల్లో ఇంటి ముందు షామియానా వేసి, మైకు పెట్టి, అయ్యగారిని పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేయించుకుని అందరికీ భోజనం పెడతారు. ఆపరేషన్ విజయవంతమైనందుకు, ఆడపిల్ల పెళ్ళి కుదిరినందుకు, ఉద్యోగం వచ్చినందుకు, సొంతిల్లు కట్టుకున్నందుకు. నాకు ఈ కూడికలంటే ఇష్టం. పేదల ఇళ్ళలో జరిగే వేడుకల్లో ఇంత నిర్మలమైనవి తక్కువ. వాటి మీద నాకున్న దిగులు కూడా ఆ ఇష్టంలోంచే వచ్చింది. కొన్నేళ్ళుగా సాక్ష్యాల విషయాలు కుంచించుకుపోతున్నాయి. అమెరికా వీసా, ప్రమోషన్, ఫ్లాట్ రిజిస్ట్రేషన్ వంటివి తరచూ వినిపిస్తాయి. కోపం తగ్గినందుకు, అన్నదమ్ముల తగవు సమసిపోయినందుకు, తప్పు ఒప్పుకునే ధైర్యం వచ్చినందుకు లేచి నిలబడేవారు అరుదు. ప్రార్థన చేశాక కూడా వీసా రానివారికి ఆ కూడికలో నోరు లేదు. లూకా పద్దెనిమిదో అధ్యాయంలో దేవాలయంలో నిలబడి కృతజ్ఞత చెప్పిన పరిసయ్యుణ్ణి మరవకూడదు. అతని ప్రార్థన ఆకారంలో పూర్తిగా కృతజ్ఞతా ప్రార్థనే. తాను ఇతరుల్లాంటివాడు కానందుకు స్తోత్రం చెప్పాడు, అంతే.

మొక్కుబడి ఆలోచన కూడా మనలో లోతుగా ఉంది. ఫలానాది ఇస్తే ఫలానా కానుక వేస్తామని అనుకుని, అది దొరికాక కూడిక పెట్టి లెక్క తీర్చేసుకుంటాం. లెక్క తీరాక జ్ఞాపకం కూడా తీరిపోతుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన దగ్గర ఒక ఆచారముంది. కొత్త ఏడాదికి ఒక్కొక్కరూ ఒక వాగ్దాన కార్డు తీసుకుంటారు. దాన్ని చట్రంలో పెట్టి గోడకు తగిలించుకునేవారూ ఉన్నారు. ఆ రాత్రి వెళ్ళిపోతున్న ఏడాది కార్డును కూడా వెంట తెచ్చుకుని, ఆ వాక్యం వారి జీవితంలో ఏ రూపంలో నెరవేరిందో, ఎక్కడ నెరవేరినట్టు కనిపించలేదో పదిమందితో చెప్పుకునే అలవాటు ఉంటే ఎంత బాగుండేది! వచ్చేదాని మీద ఉన్న ఆత్రం పోయినదాని మీద ఉండటం లేదు. కృతజ్ఞతకు కావలసింది పాత కార్డు.

లేవీయకాండం ఏడో అధ్యాయంలో కృతజ్ఞతార్పణకు ఒక చిత్రమైన నియమం ఉంది. ఆ బలి మాంసాన్ని అర్పించిన రోజే తినేయాలి, మర్నాటికి ఉంచకూడదు. రొట్టెలు కూడా ఎక్కువే ఉండాలి. ఒక కుటుంబం ఒక్క రోజులో అంత తినలేదు. కాబట్టి పిలవాలి, పంచాలి. దాచుకోవడానికి వీల్లేని కృతజ్ఞత అది. ద్వితీయోపదేశకాండం ఇరవై ఆరో అధ్యాయంలో ప్రథమఫలాల గంప తెచ్చిన రైతు, తన పూర్వీకుల దారిద్ర్యాన్నీ ఐగుప్తు దాస్యాన్నీ యాజకుని ఎదుట చెప్పుకుని, ఆ తర్వాత లేవీయులతోనూ పరదేశులతోనూ కలిసి సంతోషించాలి. మాదన్నపేట వంటి చోట ఈ వాక్యాలకు వెంటనే రూపం దొరుకుతుంది. బక్రీదు రోజు పొరుగింటి ముస్లిం కుటుంబం ఖుర్బానీ మాంసాన్ని మూడు పాళ్ళు చేసి ఒక పాలు బంధుమిత్రులకు, ఒక పాలు బీదలకు పంచుతుంది. మన షామియానా భోజనం మన సంఘం వాళ్ళ మధ్యనే ముగిస్తే, లేవీయకాండాన్ని మనకన్నా పొరుగువారే దగ్గరగా పాటిస్తున్నట్టు. మైకు మోతను భరించిన గల్లీకి పళ్ళెం కూడా చేరాలి.

దేవునికి స్తోత్రం చెప్పి, ఆయన వాడుకున్న మనుషులను మరిచిపోవడం మనలో పాత జబ్బు. ఇక్కడ తెలుగు క్రైస్తవ చరిత్రను కాస్త నిదానంగా చూడాలి.

1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని కల్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరి వచ్చినవారిని ఆయన ఆపాడు. అన్నం పెట్టిన చేతికి బదులుగా విశ్వాసం ఇస్తున్నారన్న మాట రాకూడదనుకున్నాడు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసం మారారన్న నింద వాళ్ళను తరతరాలు వెంటాడింది. అంటరానివారిగా ఊరవతల ఉంచబడిన మాదిగలు, తమను మనుషులుగా పలకరించిన వారి పట్ల కృతజ్ఞత చూపడం ఎందుకు తప్పయిందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. పేదవాడి కృతజ్ఞతను ఆశగా, ధనికుడి ఆశను కృతజ్ఞతగా చదవడం లోకానికి అలవాటు. మెదక్‌లో మిషనరీ పాస్నెట్ కరువు కాలపు ఆకలికి పనిని జోడించి మొదలుపెట్టిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆ రాళ్ళు మోసిన కూలీల మనుమలూ మునిమనుమలూ ఇప్పటికీ క్రిస్మస్‌కు అక్కడికి నడిచి వస్తారు.

కృతజ్ఞతకు తలవంచుకుని ఉండటం ఒక్కటే రూపమనుకునేవారు వి. ఎస్. అజరయ్యను చదవాలి. నిజాం రాష్ట్రంలోని డోర్నకల్‌కు 1912లో బిషప్పు అయిన ఆయన, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభను కలవరపెట్టింది. మిషనరీల త్యాగాలకు భారత సంఘం ఎప్పటికీ రుణపడి ఉంటుందని ఆయన మనస్ఫూర్తిగా చెప్పాడు. మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక స్నేహం కూడా ఇవ్వండి అన్న అర్థంలో ముగించాడు. ఒకే శ్వాసలో కృతజ్ఞత, ఫిర్యాదు. రెండూ నిజమే. తెల్లదొరలతో సమానంగా కూర్చుని తినే చోటు దొరకని భారతీయ సువార్తికుల తరఫున ఆయన అలా మాట్లాడటాన్ని కొందరు కృతఘ్నతగా తీసుకున్నారు. నాకు మాత్రం తెలుగు సంఘానికి దొరికిన కృతజ్ఞతా పాఠాల్లో అదే గొప్పది. మేలు చేసినవారిని గౌరవించాలంటే వారితో నిజం మాట్లాడాలి.

లూకా కథలోని సమరయుడిలా సంఘానికి బయటివారి ఉదాహరణ చెబుతానన్నాను. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం కట్టిన ఆస్పత్రిలో ఏలూరు జమీందారు భార్యకు వైద్యం చేసింది. హిందువైన ఆ జమీందారు కృతజ్ఞతగా ఆస్పత్రి ఎదుట సత్రం కట్టించాడు, రోగుల బంధువులు వండుకుని తినడానికి. తన ఇంటికి అందిన మేలును ముక్కూమొహం తెలియని కుటుంబాలకు నీడగా మార్చాడు. కృతజ్ఞత అక్కడితో ఆగకుండా ముందుకు నడవడమంటే ఇదే.

ఇంకో వైపు, కృతజ్ఞతను కాడిగా మెడకు తగిలించడం కూడా జరుగుతోంది. ఇంట్లో పనిచేసే అమ్మాయికి జీతం పెంచమంటే, ఇన్నాళ్ళు తిండి పెట్టామన్న విశ్వాసం లేదా అంటారు. సంఘంలో లెక్కలు అడిగిన యువకుణ్ణి, నిన్ను చదివించింది ఎవరని నోరు మూయిస్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ సవరణ దొరికింది, క్రైస్తవులకు దొరకలేదు. దాని గురించి మాట్లాడితే, దేవుడు ఇచ్చినదానితో తృప్తి పడమని సలహా ఇచ్చే విశ్వాసులు మన మధ్యనే ఉన్నారు. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో గబ్బిలం చేత శివునికి దళితుడి మొర పంపాడు. ఆ కవిని ఇటు సంఘమూ అటు అగ్రకులాలూ నొప్పించాయి. మొర పెట్టినవాడు కృతఘ్నుడు కాడని ఆ కావ్యం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. హక్కుగా రావలసినదాన్ని దయగా అనుకోమనడం కృతజ్ఞత నేర్పడం కాదు.

మరి పెంచుకోవడం ఎలా? మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎమ్మన్స్, మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికోసారి తమకు దొరికిన అయిదు మేళ్ళ దాకా రాసుకున్నవారు, చిరాకులు రాసుకున్నవారి కన్నా జీవితం మీద ఎక్కువ తృప్తిగా ఉన్నారని తేలింది. రాసుకోవడం పనిచేస్తుంది, కీర్తనకారులకు ఇది ముందే తెలుసు. నూట ముప్పై ఆరో కీర్తన మొత్తం ఒక జాబితానే. కాకపోతే, మన మనసు హాయిగా ఉండటానికే ఆ జాబితా అనుకుంటే సంఘానికి అది చాలదు. మన అమ్మమ్మలు వండేముందు పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసి ఆదివారం మందిరానికి తెచ్చేవారు. అప్పుడు మేళ్ళను కాగితం మీద రాసుకోకుండానే ప్రతిపూటా జ్ఞాపకం చేసుకునేవారు, ఆ జ్ఞాపకం ఎవరి కడుపో నింపేది. పల్లెల్లో కోత పండుగకు వడ్లూ కోళ్ళూ గుమ్మడికాయలూ తెచ్చి వేలం వేసేవారు. పొలం లేని నగర సంఘం ఆ పండుగను వదిలేయనక్కర్లేదు. కూరగాయల బండివారు, ఆటో నడిపేవారు, టైలర్లు, నర్సులు తమ పని నుంచి ఒక భాగం, ఒక పూట సేవ, తెచ్చి పెట్టవచ్చు. గల్ఫులో ఇళ్ళలో పనిచేస్తూ శుక్రవారం పూట కూడుకునే గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, ఊళ్ళో మందిరం కప్పుకు డబ్బు పంపుతుంటారు. అది కూడా కోత పండుగే.

రోమా పత్రిక చివరి అధ్యాయాన్ని మనం పేర్ల జాబితా అని దాటేస్తాం. అందులో పౌలు పాతికమందికి పైగా పేరుపేరునా వందనాలు చెబుతాడు. ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారని, వారికి తానే కాక అన్యజనుల సంఘాలన్నీ కృతజ్ఞులని రాశాడు. రూఫు తల్లి తనకూ తల్లేనన్నాడు. దేవునికి మహిమ కలుగునని చెప్పి మనుషులను మరిచిపోలేదు. మన సంఘ వార్షికోత్సవ కరపత్రాల్లో వేదిక మీది అతిథుల ఫోటోలు ఉంటాయి. మండుటెండలో గల్లీగల్లీ తిరిగి మొదటి కుటుంబాలను కూర్చిన బైబిలు స్త్రీ పేరు ఎక్కడా ఉండదు. స్వతంత్ర సంఘాలను కాసిన చాలామంది కాపరులకు పింఛను లేదు, పి.ఎఫ్. లేదు. ముసలితనంలో మోకాళ్ళ నొప్పులతో, మందుల చీటీతో కొడుకుల ఇళ్ళలో ఒక మూలన ఉంటారు. వారి చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవారు, వారి చేత పెళ్ళి చేయించుకున్నవారు ఇప్పుడు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ప్రతి సంఘం జనవరిలో బడ్జెట్ రాసుకునేటప్పుడు సౌండ్ సిస్టం పద్దు కన్నా ముందు, సేవలో అలిసిపోయిన పాత కాపరులకూ, విధవరాళ్ళయిన వారి భార్యలకూ నెలనెలా అందే ఒక పద్దు రాయాలి. ఎంత రాస్తారన్నది వారి శక్తిని బట్టి ఉంటుంది, కానీ ఆ పద్దు ఈ జనవరి నుంచే ఉండాలి.